తేనెపీక గొలుసు

నరసాపురానికి ఆరేడు మైళ్ల అవతల, కాలవ పక్కనున్న ఒక పేటలో దయామణి అనే లేసు పనావిడ ఉండేది. ఆమె చేతుల్లో ఎంత ఓర్పు ఉండేదో, చెవుల్లో అంత కంగారు ఉండేది. ఒక్క పువ్వు అల్లడానికి పూటంతా కదలకుండా కూర్చోగలిగేది. బిడ్డ ఏడుపు మాత్రం పది అంకెలు లెక్కపెట్టేంతసేపు కూడా వినలేకపోయేది.

లేసు పని చూడనివాళ్లకు ముందు ఆ సంగతి చెప్పాలి. కుడిచేతిలో కొసన కొక్కెం ఉన్న సన్నటి సూది ఉంటుంది. ఎడమచేతి వేళ్ల మీద తెల్లదారం ఉంటుంది. కొక్కెంతో దారం లాగితే ఒక ముడి, ఆ ముడిలోంచి మళ్లీ లాగితే ఇంకో ముడి. రెండు చేతులకూ ఖాళీ ఉండదు. పైగా దారం అల్లడం మొదలుపెట్టినప్పుడు ఎంత తెల్లగా ఉందో, ముగించినప్పుడూ అంత తెల్లగానే ఉండాలి. ఎక్కడైనా చిన్న మరక కనిపించిందా, లేసు పట్టుకెళ్లే ఏజెంటు "ఇది నడవదమ్మా" అని పక్కన పడేసేవాడు. అందుకని దయామణి ఒళ్లో ఎప్పుడూ ఉతికిన తుండుగుడ్డ పరిచి ఉండేది, దాని మీద లేసు ఉండేది. ఇక ఆ ఒళ్లో బిడ్డకు చోటెక్కడిది?

కూతురు బ్లెస్సీకి నాలుగో నెల వచ్చేసరికి పెద్ద పని ఒకటి తగిలింది. పన్నెండు మంది కూర్చునే భోజనాల బల్లకు లేసు గుడ్డ అల్లాలి. దయామణి చనుపాలు తగ్గించి సీసా పట్టడం మొదలుపెట్టింది. సీసా ఖాళీ అయ్యాక కూడా బిడ్డ ఏడ్చేది. ఒకరోజు సంతలో తేనెపీక కొనుక్కొచ్చింది. పేరుకే తేనె. అందులోంచి తేనె రాదు, పాలూ రావు. ఉత్త రబ్బరు. నోట్లో పెడితే బిడ్డ చప్పరిస్తూ పడుకుంటుంది, అంతే.

బ్లెస్సీ ఊరుకుంది. దయామణి గుండె కుదుటపడింది.

పీక ఊరికే జారి మట్టిలో పడుతోందని ఆమె దానికి ఒక గొలుసు కూడా అల్లింది. జానెడు పొడవు, మధ్యమధ్య చిట్టిపువ్వులు. ఒక కొస పీకకు కట్టి, ఇంకో కొసను గౌను రొమ్ము దగ్గర పిన్నుతో గుచ్చేది. పక్కింటి నాగరత్నం అది చూసి బుగ్గ నొక్కుకుంది.

"పీకక్కూడా నగ చేయించావే దయా! మా మనవడికీ ఒకటి అల్లిపెట్టవే."

"నగ బానే ఉంది," అంది దయామణి అత్తగారు మార్తమ్మ, బియ్యంలో రాళ్లు ఏరుతూ. "ఎప్పుడు తీస్తావో అది కూడా ఇప్పుడే చెప్పమ్మాయీ."

"నడక రానివ్వండత్తయ్యా, తీసేస్తాను."

నడక వచ్చింది. మాటలు రానివ్వమంది. మాటలూ వచ్చాయి. అంగన్‌వాడీకి వెళ్లాక అంది. బ్లెస్సీ అంగన్‌వాడీకి వెళ్లడం కూడా మొదలైంది, పీక మాత్రం గౌను మీదే ఉంది. "అమ్మా, ఇదిగో చూడూ!" అంటూ పిల్ల మట్టి చేతులతో పరుగెత్తుకొచ్చేది. "లేసు! లేసు! ముట్టుకోకు!" అని దయామణి ఉలిక్కిపడి, ఎడమచేత్తో పీక అందుకుని పిల్ల నోట్లో పెట్టేసేది. తల ఎత్తకుండానే ఆ పని చేయడం ఆమెకు వచ్చేసింది. అలవాటు పడింది బ్లెస్సీ నోరొక్కటే కాదని అప్పుడు ఎవరికీ తోచలేదు.

పిల్ల జామకాయ కొరికేటప్పుడు తల పక్కకు వాల్చి, దవడ పళ్లతో కొరికేది. "అచ్చం ఉడతలా తింటుందే!" అని అందరూ నవ్వేవారు. దయామణి కూడా నవ్వేది.

బ్లెస్సీకి మూడున్నరేళ్లు దాటాక ఒకనాటి ఉదయం దయామణి అరుగు మీద కూర్చుని ఒక లేసు గుడ్డకు ఆఖరి ముడి వేసింది. కత్తెర కనిపించలేదు. ముడి వదిలితే జారిపోతుంది. తన రెండు చేతులూ దాని మీదే ఉన్నాయి.

"బ్లెస్సీ, ఇలా రా. మూతి తుడుచుకుని ఈ దారం కొరికిపెట్టు."

లేసు ముట్టుకోమని అమ్మ పిలవడం అదే మొదటిసారి. బ్లెస్సీ నోట్లోంచి పీక తీసేసి, గౌనుతో మూతి రెండుసార్లు తుడుచుకుంది. దారాన్ని ముందుపళ్ల మధ్య పెట్టుకుని కళ్లు గట్టిగా మూసి కొరికింది. తర్వాత తల వెనక్కి లాగింది. దారం తెగలేదు. పళ్ల మధ్యనుంచి అలాగే జారి వచ్చేసింది.

"గట్టిగా కొరకవే."

"గట్టిగానే కొరికానమ్మా."

మళ్లీ కొరికింది. మళ్లీ జారింది. దయామణి ముడి వదిలేసి పిల్ల పెదవులు ఎత్తి చూసింది. దవడ పళ్లు ఒకదాని మీద ఒకటి గట్టిగా ఆనుకునే ఉన్నాయి. ముందుపళ్లు మాత్రం కలవలేదు. పైపళ్లకూ కిందిపళ్లకూ మధ్య గుండ్రంగా సందు ఉంది, అందులోంచి నాలుక కొస కనిపిస్తోంది. ఆ సందు కొలత దయామణికి తెలుసు. గౌను మీద వేలాడుతున్న పీక కాడ కొలతే అది.

ఆమె ఆ సందునే చూస్తోంది. ఒళ్లోని లేసు ముడులు ఒకటొకటిగా జారిపోతున్నా గమనించలేదు.

"నేను తప్పుగా కొరికానా అమ్మా?" అంది బ్లెస్సీ.

"లేదమ్మా," అంది దయామణి.

నాగరత్నం గోడ మీంచి తొంగిచూసింది. "అయ్యో అయ్యో, పళ్లలా విడిపోయాయేంటే! రేపు పెద్దయితే ఫొటోలో నోరు మూసుకునే నవ్వాలి కాబోలు."

"ముందు నీ నోరు మూసుకో నాగరత్నం," అంది మార్తమ్మ. తర్వాత కోడలి వైపు తిరిగి, "పాలపళ్లేగా అమ్మాయీ. ఊడిపోయి కొత్తవి వస్తాయి," అంది. కానీ ఆ మాట అంటున్నప్పుడు ఆమె చేతిలో చేట ఆగిపోయింది. దయామణి అది చూసింది.

ఆ రోజు నుంచి దయామణికి మనసు మనసులో లేదు. ముడుల లెక్క తప్పేది. ఐదు రేకుల పువ్వుకు ఆరు రేకులు అల్లి, విప్పి, మళ్లీ ఆరే అల్లేది. రొయ్యల చెరువు కాపలాకు వెళ్లిన భర్త ఇస్సాకు శనివారం వస్తే ఏం చెప్పాలి? ఆయన అడగడు, అది ఆమెకు తెలుసు. అయినా చెప్పాలి కదా. గంటకోసారి పిల్లను పిలిచి, "ఏదీ, నోరు చూపించు," అనేది. వెలుగులో చూసేది, నీడలో చూసేది. మూడో రోజుకల్లా బ్లెస్సీ అమ్మ పిలిస్తే చాలు, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం మొదలుపెట్టింది.

నాలుగో రోజు దయామణి ఉన్నట్టుండి పిన్ను ఊడదీసి, పీకను గొలుసుతో సహా లాక్కుని బియ్యం డబ్బాలో దాచేసింది. బ్లెస్సీ నేలమీద పడి ఏడ్చింది. దయామణి రెండు చెవులూ మూసుకుని అంకెలు లెక్కపెట్టింది. వంద దాటింది. రెండు వందలు దాటింది. మధ్యాహ్నానికి ఏడుపు ఆగిపోయింది.

"ఇంతేనా!" అనుకుని, ఊపిరి పీల్చుకుని లోపలికి వెళ్లి చూసింది. బ్లెస్సీ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. కుడిచేతి బొటనవేలు మొదలుదాకా నోట్లో ఉంది.

దయామణి తలుపు పట్టుకుని నిలబడిపోయింది. పీకనైతే బియ్యం డబ్బాలో దాచొచ్చు. వేలిని ఎక్కడ దాస్తాం?

"దానికేముందే, వేపాకు నూరి వేలికి పూసెయ్," అంది నాగరత్నం. "రెండ్రోజులు ఏడ్చి అదే మానేస్తుంది."

"దాన్ని ఏడిపించింది చాల్లే," అంది మార్తమ్మ. "రేపు పొద్దున బస్సెక్కి పళ్ల డాక్టరుకు చూపించమ్మాయీ. తెలియనిదానికి తలో వైద్యం ఎందుకు?"

నరసాపురంలో ఆ డాక్టరమ్మ చిన్న వయసావిడ. బ్లెస్సీని కుర్చీలో కూర్చోబెట్టి, చిన్న అద్దం ముందు పిల్ల చేతికే ఇచ్చి ఆడుకోనిచ్చింది. తర్వాత దయామణి పీక లాక్కున్న సంగతీ, పిల్ల వేలు పట్టుకున్న సంగతీ చెబుతుంటే వింటూ నోరు చూసింది. పళ్లు కలపమంది, తెరవమంది, మళ్లీ కలపమంది.

"పీక ఎంతసేపు ఉంటుందమ్మా నోట్లో?"

"ఏదో నిద్రప్పుడేనండీ," అంది దయామణి.

"కాదు," అంది బ్లెస్సీ అద్దంలో తనను తాను చూసుకుంటూ. "అమ్మ లేసు అల్లినప్పుడల్లా."

దయామణి తల దించుకుంది.

"బాగవుతుందాండీ?" అంది చివరికి. "పాలపళ్లేగా, ఊడిపోతాయంటున్నారు మావాళ్లు."

"పళ్లు ఊడతాయమ్మా, అలవాటు ఊడదు. ఆరేడేళ్లకు ముందుపళ్లు కొత్తవి వస్తాయి. అప్పటికీ నోట్లో ఇలా ఏదో ఒకటి ఉంటే అవి కూడా ఇలాగే ఎడంగా ఉండిపోవచ్చు. అప్పుడు దిద్దడం కష్టం. ఇప్పుడు మానేస్తే చాలామంది పిల్లలకు వాటంతటవే దగ్గరికొస్తాయి. అందరికీ వస్తాయని మాత్రం మాట ఇవ్వలేను."

"నేను పాలు తొందరగా తగ్గించేయబట్టేనా?"

"తల్లి దగ్గర పాలు తాగే బిడ్డకు దవడంతా పనిచేస్తుంది, అది మంచిదే. కానీ సీసా పట్టిన ప్రతి బిడ్డకూ ఇలా కాదు. దానికి కుమిలిపోకండి. ఏళ్ల తరబడి పగలంతా నోట్లో పీక ఉండటం వల్ల వచ్చింది ఇది. గట్టిగా నొక్కక్కర్లేదమ్మా. మెత్తగా, వదలకుండా ఒత్తుతూ ఉంటే చాలు, పళ్లు జరిగిపోతాయి. ఈ వయసులో ఎముక ఇంకా లేతగా ఉంటుంది."

ఆ మాట దయామణికి వెంటనే అర్థమైంది. లేసు అల్లాక గంజిలో ముంచి, పలక మీద పరిచి, చుట్టూ పిన్నులు గుచ్చి ఆరబెడతారు. తడిగా ఉన్నప్పుడు ఎలా గుచ్చితే ఆరాక అలాగే ఉండిపోతుంది. వంకరగా గుచ్చితే వంకరే.

"అంటే, దీనికింకా గంజి ఆరలేదన్నమాట," అంది.

డాక్టరమ్మకు ఆ గంజి సంగతి తెలియకపోయినా నవ్వింది. "ఆరలేదు. కానీ ఆరేలోపు పని జరగాలి. కారాలు, చేదులు పూయకండి. కొట్టకండి. లాక్కుంటే వేలు పట్టుకుంది చూశారుగా? వేలికన్నా పీకే నయం, దాన్ని మెల్లగా దూరం చేయొచ్చు. ముందు పాప దాన్ని ఎప్పుడెప్పుడు అడుగుతోందో చూడండి. ఆరు నెలల తర్వాత తీసుకురండి."

మర్నాడు పీక బియ్యం డబ్బాలోంచి బయటికొచ్చింది. బ్లెస్సీ దాన్ని రెండు చేతులా పట్టుకుంది. వేలు వదిలేసింది. దయామణి మాత్రం ఆ రోజు ఒక పని చేసింది. పిల్ల పీక నోట్లో పెట్టుకున్నప్పుడల్లా అరుగు మీద ఒక చింతగింజ పెట్టింది. సాయంత్రానికి తొమ్మిది గింజలయ్యాయి. ఒకటి నిద్రప్పుడు. ఒకటి కాలవగట్టు మీద కుక్క మొరిగినప్పుడు. మిగిలిన ఏడూ తను లేసు మీదికి తల వంచిన తర్వాతే.

ఆకలికి ఒక్క గింజ కూడా లేదు. ఆ ఏడు గింజలనూ ఆమె చేతిలోకి తీసుకుంది.

అప్పుడు ఆమె చూపు గొలుసు మీద పడింది. గొలుసు అల్లికకు ఒక గుణం ఉంది. ఆఖరి ముడి విప్పి కొస పట్టుకుని లాగితే, ముడి వెనక ముడి తేలిగ్గా ఊడి వస్తుంది. దయామణి లేసును బుట్టలో పెట్టి మూత వేసింది. తుండుగుడ్డ దులిపి పక్కన పెట్టింది. ఖాళీ ఒళ్లోకి బ్లెస్సీని లాక్కుంది.

"ఈ గొలుసు నాకు విప్పిపెడతావా? రోజుకు పది ముడులు. నువ్వే లెక్కపెట్టాలి, నువ్వే లాగాలి."

"దారం ఎవరిది?"

"నీదే."

బ్లెస్సీ ఒకటి, రెండు, మూడు అంటూ లాగింది. ఏడు తర్వాత తొమ్మిది అంది. మార్తమ్మ చేట మీంచి "ఎనిమిదేమైందే, అలిగి వెళ్లిపోయిందా?" అంది. పిల్ల పకపకా నవ్వి మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టింది. ముడులు విప్పాలంటే రెండు చేతులూ కావాలి, నవ్వాలంటే నోరు కావాలి. ఆ కాసేపూ పీక వేలాడుతూనే ఉంది. పది అయ్యాక దయామణి మిగిలిన కొసకు గట్టిగా ముడివేసి మళ్లీ గౌనుకు గుచ్చింది. ఊడిన దారాన్ని అగ్గిపెట్టెకు చుట్టింది.

అలా రోజూ. అవి లేసు పనికి మంచి రోజులు కావు. పని వెనకబడింది. ఏజెంటు వచ్చి "ఏంటమ్మా, చేతులు మందగించాయి?" అని వెళ్లేవాడు. దయామణి మళ్లీ మళ్లీ అదే ఆలోచించేది. ఇంత చేసినా పళ్లు కలవకపోతే? ఆ "మాట ఇవ్వలేను" అన్న మాట చెవిలో దారపు ఉండలా దొర్లేది.

గొలుసు సగమైంది. పీక నోటికి అందాలంటే బ్లెస్సీ మెడ వంచాల్సి వచ్చేది. నీళ్లు తాగే కోడిపిల్లలా వంగి చప్పరించి, "మెడ నొప్పమ్మా," అని వదిలేసేది. మరో వారానికి ఎంత వంగినా అందలేదు.

అందని ఆ రోజున అంగన్‌వాడీలో ఎవరో తోసేస్తే బ్లెస్సీ మోకాలు చెక్కుకుని వచ్చింది. పీక అందుకోబోయింది. అందలేదు. గౌను పైకి లాగింది, మెడ వంచింది, అందలేదు. అప్పుడు మొదలైంది ఏడుపు. దయామణి ఒళ్లో లేసు ఉంది, ఆ సాయంత్రానికి ఇవ్వాల్సిన గుడ్డ. చేతిలో సూది ఉంది. పది ముడులు అల్లడం ఆమెకెంతసేపు? మాట అయ్యేలోపు అయిపోతుంది. చెయ్యి దానంతటదే గొలుసు కొస అందుకుంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు ముడులు పడ్డాయి.

మార్తమ్మ గుమ్మంలో నిలబడి చూస్తోంది.

ఐదో ముడి దగ్గర దయామణి తల ఎత్తింది. నోరంతా తెరిచి ఏడుస్తున్న కూతురి ముందుపళ్లు కనిపించాయి. కళ్లు కూడా కనిపించాయి. ఆ కళ్లు పీకను చూడటం లేదు, అమ్మను చూస్తున్నాయి.

దయామణి సూది వదిలేసింది. బిడ్డను ఎత్తి ఒళ్లో కూర్చోబెట్టుకుంది. కింద లేసు ఉందన్న సంగతి ఆమెకు తెలుసు. నలిగింది. మోకాలి రక్తం అంటింది, కన్నీళ్లూ ముక్కునీళ్లూ అంటుకున్నాయి. ఆమె అంకెలు లెక్కపెట్టలేదు. "ఎవరు తోశారమ్మా? ఎక్కడ తగిలింది? చూపించు," అంటూ కూర్చుంది. బ్లెస్సీ వెక్కుతూ, మధ్యలో ఆగి చెబుతూ, చెబుతూ ఆమె భుజం మీదే నిద్రపోయింది.

తల్లి వేసిన ఆ నాలుగు ముడులూ మర్నాడు బ్లెస్సీయే విప్పింది. ఆ తర్వాత రెండ్రోజులకు గొలుసు అయిపోయింది. పీక ఒక్కటీ పిన్నుకు మిగిలింది.

"దీన్ని నాగరత్నం మామ్మ వాళ్ల బాబుకిచ్చేద్దామా?" అంది బ్లెస్సీ.

"ఎవ్వరికీ వద్దు తల్లీ," అంది దయామణి, దాన్ని తీసి చెత్తబుట్టలో పడేస్తూ.

నెలలు గడిచాయి. ఇప్పుడు దయామణి పిల్లను పిలిచి నోరు చూపించమని అడగడం మానేసింది. అడగడానికి ధైర్యం చాలక మానేసింది. దారం తెంచాల్సి వస్తే వెతికి వెతికి కత్తెరే తెచ్చుకునేది. డాక్టరమ్మ రమ్మన్న రోజు దగ్గరపడేకొద్దీ అన్నం సయించేది కాదు.

రేపు బస్సెక్కాలనగా, ఆ ఉదయం అరుగు మీద పళ్లెం మీద కప్పే ఒక చిన్న లేసు గుడ్డకు ఆఖరి ముడి వేసి కత్తెర అందుకోబోయింది. పక్కనే జామకాయ తింటున్న బ్లెస్సీ ముందుకు వంగింది.

"నేను కొరకనా అమ్మా?"

దయామణి తల ఊపింది. పిల్ల మూతి తుడుచుకోవడం మర్చిపోయింది, తల్లి గుర్తుచేయడం మర్చిపోయింది. బ్లెస్సీ దారాన్ని ముందుపళ్ల మధ్య పెట్టుకుని కొరికింది. దయామణి కళ్లు మూసుకుని, ముడి దగ్గర వేలికి దారం చుట్టుకుని, జారుతుందేమోనని ఎదురుచూసింది.

దారం జారలేదు. బిగిసింది. ఇంకా బిగిసింది. టక్కుమని తెగింది.

"తెగిందీ!" అని అరిచింది బ్లెస్సీ. అప్పుడే దయామణి పిల్ల చేతిలోని జామకాయను చూసింది. దాని మీద ఎదురుగా, వరసగా ముందుపళ్ల గాట్లున్నాయి.

మర్నాడు డాక్టరమ్మ చూసి, ఇంకా వెంట్రుకవాసి ఎడం ఉందనీ, కొత్త పళ్లు వచ్చేదాకా అప్పుడప్పుడూ చూపించమనీ చెప్పింది. ఏజెంటు వచ్చి ఆ పళ్లెం గుడ్డ తిరగేసి, కొస దగ్గర జామకాయ మరక చూసి, "ఇది నడవదమ్మా," అన్నాడు.

"నడవక్కర్లేదండీ, అది మాకే," అని దయామణి దాన్ని తీసుకుని మడిచి లోపల పెట్టుకుంది.

అందుకే పిల్లలున్న ఇంట్లో పెద్దలు ఈ ఒక్క సంగతి తెలుసుకోవాలి: ఏడ్చే బిడ్డ నోట్లో ఏదో ఒకటి పెడితే ఏడుపు ఆగుతుంది గానీ బిడ్డ అడిగింది దొరకదు; ఆ అడిగింది ఇస్తే అలవాటు ముడి వెనక ముడిగా దానంతటదే ఊడిపోతుంది.